విజిలమ్మ తిమింగలం

ఆ రోజు చేయవలసిన పనులు పెద్దగా ఏమీ లేవు. ఫలహారం చేయాలి, రేవుకు నడవాలి, తిమింగలాలను చూపించే పడవ ఎక్కాలి, తిమింగలాన్ని చూడాలి, గదికి తిరిగొచ్చి పెట్టె సర్దుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఇంటికి ప్రయాణం. వీటిలో ఒక్క తిమింగలం తప్ప మిగతావన్నీ మనుషుల చేతిలో ఉన్న పనులే.

భార్య తెల్లవారకముందే తయారై, సంచి ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. భర్త గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఆవిడను చూశాడు.

"ఇంత పొద్దున్నే ఏం తొందర? అది ఇంకా నిద్ర లేచి కూడా ఉండదు."

"ఏది?"

"నీ తిమింగలం."

"దాని సంగతి నాకొదిలేయండి. మీరు ముందు గుండీలు సరిగ్గా పెట్టుకోండి. చొక్కా ఒక పక్క పైకి, ఒక పక్క కిందికీ పోతోంది."

ఆయన చూసుకున్నాడు. నిజమే. ఆవిడ కంట పడకుండా ఆయన గుండీ ఒక్కటి కూడా దారి తప్పలేదు, పెళ్లయిన నాటి నుంచీ.

ఇద్దరూ ఒకే బస్సులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన డ్రైవరు, ఆవిడ కండక్టరు. ఆవిడ విజిల్ వేస్తే వీధి చివర నిద్రపోయే కుక్క కూడా లేచి పక్కకు జరిగేదని ప్రయాణికులు చెప్పుకునేవారు. అందుకే ఆవిడకు విజిలమ్మ అని పేరు పడింది. ఆయనకు విడిగా పేరేమీ పడలేదు. 'విజిలమ్మ గారి డ్రైవరు' అనేవారు. ఆయన ఎప్పుడూ నొచ్చుకోలేదు.

నొచ్చుకున్నది ఆవిడే, అదీ వేరే సంగతికి. కండక్టరు వీపు ఎప్పుడూ రోడ్డువైపు, మొహం ఎప్పుడూ జనంవైపు. వంతెన దాటుతుంటే ఇంద్రధనుస్సు, మలుపు దగ్గర నక్క, మనుషుల్ని మోస్తూ పొలం మీద ఒరిగి దిగుతున్న గాలిబుడగ, ఏదైనా డ్రైవరుకే కనబడేది. ఆయన "అదిగో!" అనేవాడు. ఎవరికో చిల్లర ఇస్తున్న ఆవిడ చెయ్యి ఖాళీ చేసుకుని తల తిప్పేసరికి ఆ అదిగో వెనక్కి పోయేది. ఇక రాత్రి భోజనం దగ్గర నక్క తోక ఎలా ఉందో, ఎటు చూసిందో ఆయన పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చాలా బాగా చెప్పేవాడు. అంత బాగా చెప్పడమే ఆవిడకు మంట.

ఒకసారి ఎవరో బస్సులో బొమ్మల పుస్తకం మరిచిపోయారు. సొంతదారు వచ్చేదాకా అది ఆవిడ దగ్గరే ఉంది. మధ్యాహ్నం డబ్బా తెరిచి తింటూ పేజీలు తిప్పితే, రెండు పేజీలకూ అడ్డంగా ఒకే ఒక తిమింగలం. తర్వాత సొంతదారు వచ్చి పుస్తకం పట్టుకుపోయాడు. తిమింగలం మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

అందుకే ఈ సముద్రతీర యాత్ర. ఊరి నుంచి ఊరికి ఫెర్రీల మీద తిరుగుతున్నారు. ఆయనకు ప్రతి ఫెర్రీ పండగే. చుక్కాని గది అద్దానికి ముక్కు ఆనించి, అవతల మనిషి ఎలా తిప్పుతున్నాడో చూస్తూ నిలబడేవాడు. ఆవిడకే కలిసిరాలేదు. ఒక ఊళ్లో పొగమంచు, ఒక ఊళ్లో గాలి. ఇంకో ఊళ్లో అన్నీ బాగున్నాయి గానీ తిమింగలం రాలేదు. ఇది చివరి ఊరు, చివరి రోజు.

"ఒక్కటి చెబుతున్నాను, బాగా వినండి," అంది రేవుకు నడుస్తూ. "ఇవాళ మీరు ముందు చూడకూడదు. నేను చూడాలి. నా కళ్లతో. మీరు చూసేసి రాత్రికి నాకు వర్ణించారో, ఇక ఈ జన్మకి మీతో మాట్లాడను."

"అది నా ఎదురుగానే వస్తే నేనేం చేసేది?"

"అది మీ తలనొప్పి."

రేవు దగ్గరికి చేరేసరికి వాన అందుకుంది. అక్కడున్నది ఒకటే రేకుల షెడ్డు. వచ్చినవాళ్లంతా అందులోకే దూరారు. షెడ్డుకు ఎదురుగా, బళ్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దాని వెనకాల చిన్న పడవ ఒకటి ఉందని షెడ్డులో ఎవరికీ తెలియదు. ఏనుగు వెనక నిలబడ్డ మేకపిల్ల ఎవరికి కనబడుతుంది?

"నువ్విక్కడే ఉండు. వేడిగా టీ పట్టుకొస్తా," అని భర్త టోపీ నెత్తిన పెట్టుకుని వానలోనే టీకొట్టు వైపు పరుగెత్తాడు.

ఆవిడ చుట్టూ చూసింది. ఫెర్రీ లోపల బోలెడు ఖాళీ. షెడ్డులో ఊపిరాడని జనం. గొడుగులు పట్టుకున్నవాళ్లు దారికి అడ్డంగా నిలబడ్డారు, వాళ్ల వెనక పిల్లలు తడుస్తున్నారు. తలుపు దగ్గర కదలకుండా నిలబడే జనాన్ని చూస్తే ఆవిడకు ఉద్యోగం ఉన్నప్పుడే కాదు, పోయాక కూడా ఒళ్లు మండుతుంది. పక్కనే ఉన్న పసుపుపచ్చ వానకోటు మనిషిని అడిగింది.

"తిమింగలాలకేనా మీరు?"

"అవునండీ. మేమంతా దానికే."

"మరి ఎక్కరేం?"

"ఎక్కమని ఎవరూ చెప్పలేదండీ."

"నేను చెబుతున్నాగా!"

ఆ గొంతులో ఏముందో గానీ వానకోటు మనిషి వెంటనే ఎక్కేశాడు. అతని వెనక అతని కుటుంబం, ఆ వెనక షెడ్డు మొత్తం కదిలింది. "జరగండి, జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది! గొడుగు మూసెయ్యమ్మా, పక్కవాళ్ల కంట్లో పొడుస్తావు. తాతగారూ, మీరిలా కిటికీ దగ్గర కూర్చోండి. ఆ సంచి సీటు మీద కాదు నాయనా, ఒళ్లో పెట్టుకో!" ఒక్కరూ ఎదురు చెప్పలేదు. వానలో తడుస్తున్నవాళ్లకు ఎవరో ఒకరు ఏం చేయాలో చెప్పడమే గొప్ప ఉపకారం.

అందరూ సర్దుకున్నాక ఆవిడ అలవాటుగా ముందువైపు చూసింది. అద్దాల గదిలో చక్రం వెనక నెరిసిన తల, టోపీ కనిపించాయి. డ్రైవరు సీట్లో ఉన్నాడు. ఉద్యోగమంతా ఆవిడకు అదొక్కటే లెక్క. డ్రైవరు సీట్లో ఉన్నాడంటే మొగుడు బండిలో ఉన్నట్టే. ఆయన ఎక్కాడా లేదా అని విడిగా చూసుకునే అవసరం ఏనాడూ రాలేదు. చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి విజిల్ తీసింది. రెండుసార్లు ఊదింది.

"రైట్ రైట్!"

ఆ ఫెర్రీ నడిపే సరంగుకు వెనకవైపు కనబడదు. తాళ్లు విప్పి తలుపు ఎత్తాక కళాసీ రెండు విజిళ్లు వేస్తే బయలుదేరడం అక్కడి పద్ధతి. సరంగు బయలుదేరాడు. కళాసీ అప్పుడు ఒడ్డున ఒక పాలవ్యాను డ్రైవరుతో తగువులో ఉన్నాడు. తను వేయాల్సిన విజిల్ లోపలి నుంచి వినబడేసరికి, పైఅధికారి ఎవరో తనిఖీకి వచ్చి లోపల కూర్చున్నాడనుకుని గుండె జారి, గబగబా తాళ్లు విప్పేసి, లోపలికి దూకి, తలుపు ఎత్తేశాడు. కళాసీ పని పూర్తిచేశాడని సరంగు నమ్మాడు. సరంగుకు అన్నీ తెలుసని కళాసీ నమ్మాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉన్నచోట పనులు ఎంత చురుగ్గా జరుగుతాయో పాలవ్యాను డ్రైవరు ఒడ్డున నోరు తెరుచుకుని చూశాడు.

టీకొట్టు దగ్గర భర్త కూడా ఆ రెండు విజిళ్లు విన్నాడు. వినగానే ఆయన కుడికాలు ఆయన్ని అడగకుండానే నేలను తొక్కింది. ఎడమ చెయ్యి గేరు కోసం ముందుకు పోయింది. ఆ చేతిలో టీ ఉంది. చొక్కా మీద టీ కాలుతుండగా తలెత్తి చూస్తే, ఫెర్రీ నీళ్ల మధ్యకు పోతోంది. వెనక రెయిలింగు దగ్గర ఆయన భార్య, ఎప్పటిలాగే జనంవైపు తిరిగి నిలబడి ఉంది.

"కండక్టర్ గారూ!" అని అరిచాడు. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. బండి ఆపమని చెప్పే అధికారం ఆయనకు ఎన్నడూ లేదు.

ఫెర్రీ తప్పుకున్నాక దాని వెనకున్న చిన్న తెల్లపడవ బయటపడింది. పడవ యజమాని తాపీగా బయటికొచ్చి, షెడ్డు వైపు తిరిగి చేతులు చాచి "తిమింగలాలు చూసేవాళ్లంతా రండి!" అని పిలిచి, చాచిన చేతులు అలాగే ఉంచేశాడు. షెడ్డులో ఒక్క పిట్ట లేదు. టీచుక్కలు కారుతున్న పెద్దమనిషి ఒకడు మాత్రం ఎదురొచ్చాడు.

"నా జనం ఏరండీ?"

"మా ఆవిడ తీసుకెళ్లింది."

"అందర్నీ?"

"అందర్నీ. ఆవిడకు అలవాటు."

"ఎక్కడికి తీసుకెళ్లిందయ్యా? ఆ ఫెర్రీ అవతలి ఒడ్డున సిమెంటు ఫ్యాక్టరీకి పోతుంది!"

భర్త మొహం పాలిపోయింది. ఫెర్రీ సంగతి ఆయనకు బాధ కాదు. తిమింగలం చూడాల్సిన మనిషి సిమెంటు ఫ్యాక్టరీ చూస్తుంది. "బాబ్బాబు, దాని వెంట పోనివ్వండి," అని పడవలోకి దూకాడు.

ఫెర్రీ మీద గుట్టు బయటపడడానికి ఎంతోసేపు పట్టలేదు. వానకోటు మనిషి పక్కన కూర్చున్న పనివాణ్ని పలకరించాడు.

"తిమింగలాలు ఉండే చోటికి ఇంకా ఎంతసేపండీ?"

"తిమింగలాలేంటి? నేను డ్యూటీకి పోతున్నా."

"ఈ పడవ తిమింగలాలకి కాదా?"

"సిమెంటుకి."

ఆ మాట సీటు నుంచి సీటుకు పాకింది. "ఎవరు ఎక్కించారు మమ్మల్ని?" అన్నారు కొందరు. "ఆవిడే!" అన్నారు అందరూ. ఆవిడ కంగారు పడలేదు. బండి దారి తప్పితే డ్రైవరుకు చెప్పాలి. గబగబా మెట్లెక్కి అద్దాల గది తలుపు తోసింది.

"ఏమండీ, తప్పు బండి ఎక్కించేశాం. వెనక్కి తిప్పండి."

నెరిసిన తల ఇటు తిరిగింది. దానికి గుబురు మీసాలున్నాయి.

"మీరెవరు?" అంది ఆవిడ.

"నేను సరంగునమ్మా. మీరెవరు?"

"మా ఆయన ఏరీ?"

"నన్నడిగితే?"

"మరి మీరెందుకు కూర్చున్నారు ఇక్కడ?"

సరంగు చక్రం వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూశాడు. ఇన్నాళ్ల సర్వీసులో ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. "నడి నీళ్లలో తిప్పడం కుదరదమ్మా. అవతలి ఒడ్డు చేరాక తిప్పుతాను," అని మాత్రం మర్యాదగా చెప్పాడు.

ఆవిడ దిగివచ్చింది. జనం చుట్టుముట్టారు. "మా సెలవు పాడు చేశారు!" అని ఒకరు, "అసలు మీరు ఉద్యోగస్తులేనా?" అని ఒకరు. కళాసీ వచ్చి "విజిల్ వేసింది తమరేనామ్మా?" అని చేతులు కట్టుకుని అడిగాడు. పైఅధికారి కాదేమోనన్న అనుమానం అతనికి ఇంకా పూర్తిగా రాలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వీళ్లందరి తిమింగలమూ పోయింది, తన తిమింగలమూ పోయింది. పైగా మొగుడు ఎక్కడో వానలో టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు కిటికీ దగ్గరి తాతగారు లేచి నిలబడ్డాడు. "అదిగో!"

ఎడమవైపు నీళ్లు చీలాయి. ఒక్కసారిగా జనమంతా ఆ పక్కకు ఎగబడ్డారు. ఫెర్రీ కాస్త ఒరిగింది. బళ్లు కిర్రుమన్నాయి, కళాసీ దేవుడా అన్నాడు. ఆవిడ విజిల్ ఒక్కసారి ఊదింది. ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

"ఎవరి చోట వాళ్లుండండి! అందరూ ఒకే పక్కకి వస్తే ఎలా? పిల్లలు ముందుకి రండి. పొడుగువాళ్లు వెనక్కి. కొందరు ఆ పక్కనే ఉండండి, మీ వంతు వస్తుంది. బాబూ వానకోటూ, నువ్వు చూసేశావుగా, జరుగు! వెనకావిడ పొట్టిగా ఉంది, చోటివ్వు!"

రెయిలింగుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాచి, జనాన్ని వంతులవారీగా ముందుకు తెచ్చి వెనక్కి పంపింది. ఆవిడకు కనబడినవల్లా మొహాలే. అన్నీ ఒకేసారి నోళ్లు తెరిచాయి, అన్నీ ఒకేసారి పైకి చూశాయి, అన్నీ ఒకేసారి "ఓ..." అంటూ కిందికి దిగాయి. అప్పటిదాకా తిడుతున్నావిడ ఏడుస్తూ నవ్వింది. ఆఖరి వరసలో ఆఖరి మనిషి కూడా చూశాడని నమ్మకం కుదిరాక విజిలమ్మ వెనక్కి తిరిగింది. నీళ్ల మీద పెద్ద సున్నా ఒకటి మెల్లగా చెరిగిపోతోంది.

"ఎంతుందో తెలుసాండీ!" అని వానకోటు మనిషి రెండు చేతులూ చాచబోయాడు.

"చెప్పకు," అంది ఆవిడ.

అదే సమయానికి, ఆ పక్కనే వస్తున్న తెల్లపడవలో యజమాని ఎగిరి గంతేశాడు. "అదిగో, మన పక్కనే! అబ్బ, ఏం అదృష్టమయ్యా నీది!"

భర్త టోపీ మొహం మీదికి లాక్కుని గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"అటు కాదయ్యా బాబూ, ఇటు!"

"వద్దండీ. మా ఆవిడ ఇంకా చూడలేదు."

"ఫెర్రీలో అందరూ చూస్తున్నారయ్యా! ఆవిడ చూడకుండా ఉంటుందా?"

"ఆవిడ చూసిందని తెలిశాక చూస్తా."

"అప్పటిదాకా ఆగమని దానికి నువ్వు చెబుతావా?"

ఎవరూ చెప్పలేదు. అది ఆగలేదు.

సిమెంటు ఫ్యాక్టరీ రేవులో రెండు పడవలూ ఒకేసారి ఆగాయి. అప్పటికి వాన వెలిసింది. భార్య భర్తను ఎగాదిగా చూసింది. ఒళ్లంతా టీ తప్ప ఆయనకు ఏమీ కాలేదు. అది నిర్ధారించుకున్నాక కోపం తెచ్చుకుంది.

"చూసేశారు కదూ!"

"నేను చూడలేదే. నువ్వు చూశావుగా? ఎలా ఉంది?"

"నేనెక్కడ చూశాను? ఆ జనాన్ని ఎవరు చూస్తారు మరి? మీరు మాత్రం ఒక్కరే దర్జాగా, తిమింగలాల పడవలో ముందు సీట్లో కూర్చుని చూశారు. ఇక రాత్రికి మొదలెడతారు!"

"చూడలేదన్నానా!"

"పక్కనే వచ్చింది, కళ్లున్నాయి, చూడలేదట! నా చెవిలో పువ్వు కనబడుతోందా?"

"అమ్మా," అన్నాడు పడవ యజమాని. అతని గొంతులో ఇంకా దిగులు పోలేదు. "నేను పుట్టి బుద్ధెరిగాక తిమింగలం వస్తే వీపు తిప్పి, టోపీలో మొహం పెట్టుకున్న మనిషిని ఈయన్నే చూశాను. నేను బతిమాలాను. మీరు చూడందే చూడనన్నాడు."

ఆవిడ చేతిరుమాలు తీసి భర్త చొక్కా మీది టీమరకలు తుడిచింది. అవి పోయేవి కావు. అయినా చాలాసేపు తుడిచింది.

"చక్రం దగ్గర మనిషి కనబడితే చాలు, మీరు ఎక్కేశారనుకున్నాను," అంది చివరికి.

"నేనుంటే ఇంత బాగా ఒడ్డుకి ఆపేవాణ్ని కాదులే," అన్నాడాయన.

తిమింగలాల జనం తెల్లపడవ ఎక్కమంటే ఎక్కలేదు. తమ తిమింగలం తాము చూసేశారు. ఫెర్రీ వదిలి రామన్నారు. "రేపు కూడా మీరే ఉంటారామ్మా? మా అన్నయ్య వాళ్లు వస్తారు," అని వానకోటు మనిషి వెళ్తూ వెళ్తూ అడిగాడు. సరంగు చుక్కాని గదిలోంచి తల బయటపెట్టి, ఆవిడ సంచి వైపు చూసి, తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు.

"నా పని మీరే చేసిపెట్టారు. పడవ ఖాళీగానే పోవాలి. రండి, మీ ఇద్దర్నీ నేను దింపుతాను," అన్నాడు పడవ యజమాని.

ఆవిడను ముందువైపు బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా జనం లేరు. సముద్రం ఒక్కటే ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడింది. నీళ్లు చీలిన చోటికి రాగానే యజమాని ఇంజను ఆపేశాడు.

"ఏమండీ, ఇప్పుడు కూడా చూడరుగా?"

"టోపీ ఉందిగా."

"టోపీకి కింద సందు ఉంటుంది. మీ సంగతి నాకు తెలియదా?" అని ఆవిడ తన అరచేయి ఆయన కళ్లకు అడ్డంగా అదిమి పెట్టింది.

"చెయ్యి నొప్పి పుట్టదూ?"

"నోరు మూసుకోండి."

"కళ్లు మూశావు. ఇప్పుడు నోరు కూడానా?"

జవాబుగా బస్సు గాలిబ్రేకులు వదిలినట్టు బుస్సుమని పెద్ద శబ్దం వచ్చింది. చేపల వాసన ఉన్న నీటితుంపర ఆయన మొహం మీద పడింది.

ఆవిడకు ఎదురుగా, నీళ్లలోంచి నల్లటి మెరక లేచింది. లేచి, అయిపోకుండా వస్తూనే ఉంది. చివరంటూ లేదేమో అనిపించేంతసేపు వచ్చింది. ఇటు తిరిగి ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. ఎవరినీ జరగమనాల్సిన పనిలేదు. ఆవిడ చూసింది. అంతా అయ్యాక తోక పైకి లేచింది. దాని అంచుల నుంచి నీళ్లు తీరిగ్గా కారాయి. అది కూడా మెల్లగా, చప్పుడు చేయకుండా లోపలికి పోయింది.

"ఏమిటది? వచ్చిందా?" అన్నాడు భర్త చీకట్లోంచి. "ఏమేవ్, వచ్చిందా?"

అరచెయ్యి కళ్ల మీది నుంచి కదల్లేదు. పడవ యజమాని మధ్యలో ఒకసారి దగ్గాడు. అదీ ఆవిడకు వినబడలేదు. కడకు ఆయనే ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసుకుని బయటికి చూశాడు. ముందు సముద్రం పళ్లెంలా ఉంది. పక్కన భార్య మొహమంతా తడి. అది తిమింగలం చల్లిన నీళ్లో మరొకటో ఆయన అడగలేదు.

"చూశావా?"

ఆవిడ తల ఊపింది. తర్వాత, ఆయన కూడా అదే పడవలో ఉన్నాడని అప్పుడే గుర్తొచ్చినట్టు అటు తిరిగింది.

"అయ్యో, మీరు చూసి ఉండాల్సిందండీ," అంది.